కోట కింద ఊరు

చిత్రావతి ఒడ్డున పరగోడు అని మాకో చిన్న ఊరుంది. ఆంధ్రలో పేపరు చదివేవాళ్ళకు ఈ పేరు తగువుగానే గుర్తుంటుంది. సుమారు 20 ఏళ్ళ కిందట ఇక్కడి ఆనకట్ట గురించి కర్ణాటక, ఆంధ్ర రెండు రాష్ట్రాలూ గట్టిగా వాదులాడుకున్నాయి. ఏరు ఇక్కడే ఆగిపోతే మా చెరువుల గతేమిటని పుట్టపర్తి, బుక్కపట్నం వైపువాళ్ళు అడిగారు. బాగేపల్లి జనం గొంతు తడుపుకోవద్దా అని మావాళ్ళు అడిగారు. రెండు ప్రశ్నల్లోనూ న్యాయం ఉంది. ఏటి నీళ్ళ కోసం అంత పట్టుదలగా నిలబడ్డవాళ్ళం, ఆ ఏటి నీళ్ళు తాగి వందల ఏళ్ళుగా నిలిచిన ఊళ్ళ కోసం ఒక్కసారీ అలా నిలబడలేదు. నా దిగులంతా దాని గురించే.

చిక్కబళ్ళాపురం కొండల్లో పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా ఆంధ్రలో అడుగుపెట్టి పెన్నలో కలుస్తుంది. ఆ దారిలో మా వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. 2007లో కోలారు నుంచి విడదీసి మాకు చిక్కబళ్ళాపురం జిల్లా చేశారు. 2025 జూలైలో నంది కొండ మీద జరిగిన మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగరంగా మార్చడానికి ఒప్పుకుంది. ఆ పేరు బాగుందా లేదా అని నలుగురు కూడిన చోటల్లా మాట్లాడుకున్నాం. ఏటా పాత వీధుల్లో రెండో మూడో మిద్దెలు నేలమట్టమవుతుంటే మాత్రం, ఆ ఇంటివాళ్ళ సొంత వ్యవహారం కదా అని పక్కకు తప్పుకుని పోతున్నాం.

సొంత వ్యవహారం కాదు అనడానికే ఇది రాస్తున్నాను.

గుడిబండకు రండి. బాగేపల్లికి దగ్గరే. ఊరి నెత్తిన ఒకే బండలా లేచిన కొండ, దాని మీద పాళెగాడు బైరేగౌడ కట్టించిన కోట. అంచెలంచెలుగా గోడలు, రాతిలో నీళ్ళు నిలిచే దొనలు, కొస మీద రామలింగేశ్వరుడి గుడి. కొండెక్కి చూస్తే కింద ఆయన పేరు మీదే వెలసిన అమాని బైరసాగరం చెరువు. నిండిన ఏడు భారతదేశం పటంలా కనిపిస్తుందని మావాళ్ళు పిల్లలకు వేలుపెట్టి చూపిస్తారు. ఊళ్ళో చంద్రనాథ, పార్శ్వనాథ జైన బసదులున్నాయి. కొండకూ చెరువుకూ నడుమ ఊరు. కోటకు ఊరు ఆసరా, ఊరికి చెరువు ఆసరా. చెరువుకు నీళ్ళు తెచ్చేది చుట్టూ ఉన్న గుట్టలు. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా మిగిలినవి ఎందుకున్నాయో అర్థం కాదు.

కానీ మన కాగితాల్లో ఇవన్నీ విడివిడి. కోట ఒక శాఖది, గుడి ఇంకొక శాఖది, చెరువు మరొక శాఖది, రోడ్డు పట్టణ పంచాయితీది. నడుమనున్న ఇళ్ళు మాత్రం ఎవరివీ కావు. పాత కట్టడాల చట్టాలకు కోట కనిపిస్తుంది, గుడి కనిపిస్తుంది, వీధి కనిపించదు. రాజు కట్టినదాన్ని స్మారకం అంటారు. రాజుకు రాళ్ళు కొట్టి ఇచ్చిన మనిషి తన కోసం కట్టుకున్నదాన్ని పాత కొంప అంటారు. ఈ రెండు మాటలకూ మధ్యనున్న దూరమే నన్ను బాధిస్తుంది.

ఆ పాత కొంపను ఒకసారి దగ్గరగా చూద్దాం. రెండడుగుల మందాన రాతి గోడ, సందుల్లో మన్ను. లోపల రాతి కూసాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద చిన్న కట్టెలు పేర్చి, ఆకూ అలమూ పరిచి, మన్ను తొక్కి, అన్నిటికంటే పైన చౌడు పోస్తారు. ఈ చౌడే మిద్దెకు ప్రాణం. తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు చెరువు పక్కనో బీడులోనో చౌడు తవ్వి, బండికెత్తి తెచ్చి, మిద్దె మీద ఒక పొర వేసి, నీళ్ళు పారేలా వాలు సరిచేయాలి. మా అవ్వ ఆ పని దగ్గరుండి చేయించేది. కూలివాళ్ళు చౌడు పోసి దిగిపోయాక కొంగు బిగించి తాను నిచ్చెన ఎక్కి, గవాక్షి చుట్టూ చేత్తో మెత్తి చూసుకునేది. అక్కడ వేలెడు సందున్నా పొయ్యింట్లో నీళ్ళు పడతాయని ఆమెకు తెలుసు. ఏప్రిల్ ఎండలో కూడా ఆ ఇంట్లో నేల మీద పడుకుంటే వీపుకు చల్లగా ఉండేది. ఇప్పుడు అదే చోట స్లాబు ఇల్లుంది. రాత్రి పదింటికి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి.

ఇంటి ముందు జగిలి. వీధికి మోకాలెత్తున పరిచిన రాతిబండలు. వీధి పొడవునా ఒక జగిలి పక్కన ఇంకొక జగిలి, అన్నీ ఇంచుమించు ఒకే ఎత్తు. చింతపండు కొట్టడం, పట్టుగూళ్ళు ఏరడం, పంచాయితీ తీర్చడం, పిల్లకు జడ వేయడం అన్నీ దాని మీదే. చింతామణి పక్కన కైవారంలో తాతయ్య అని జనం పిలుచుకునే నారాయణప్ప యోగి, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పినవాడు, తొలినాళ్ళలో గాజులమ్ముతూ ఊరూరా తిరిగాడని చెబుతారు. గాజుల మలారం దించేది జగిలి మీదే కదా. గురుపూర్ణిమకు కైవారంలో ఇప్పటికీ రేయింబవళ్ళు ఆయన పాటలు మోగుతాయి. ఆ పాటలు మొదట విన్న చోట్లు మాత్రం ఒకటొకటిగా పోతున్నాయి.

జగిలి ఎలా పోతుందో చాలామంది గమనించరు. ఎవరూ గునపంతో పొడవక్కర్లేదు. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తారు. పాతదాన్ని తవ్వి తీయరు. ప్రతి పనికీ వీధి కొంత లేస్తుంది. మోకాలెత్తు జగిలి చీలమండ ఎత్తుకు వచ్చేస్తుంది. కొన్నేళ్ళకు గడప వీధికంటే పల్లమై, వాన పడితే మురుగు పటసాలలోకి వస్తుంది. ఇక ఇంటివాడికి కూలగొట్టి ఎత్తుగా కట్టుకోవడం తప్ప దారి లేదు. వాడు పాతను ద్వేషించి కూలగొట్టలేదు. రోడ్డే వాణ్ని అక్కడికి నెట్టింది. ఊళ్ళో ఒక్క వీధిని కాపాడాలంటే మొదట రోడ్డు మట్టం కాపాడాలి. ఈ మాట కాంట్రాక్టులు రాసే ఏ కాగితంలోనూ నేను చూడలేదు.

ఇంకొక కారణం డబ్బు. సర్కారు లెక్కలో మట్టి కప్పు అంటే కచ్చా. ఇంటి పథకం సొమ్ము పక్కా ఇంటికే వస్తుంది. మిద్దెకు దంతెలు మార్చుకుంటానని, చౌడు తోలుకుంటానని అడిగితే ఇచ్చే పద్దు లేదు. కూలగొడతాను అంటే డబ్బుంది, నిలబెట్టుకుంటాను అంటే లేదు. పేదవాడు ఏం చేస్తాడు?

అందుకే వారసత్వ ప్రాంతం అని ఒక ఊరినో పేటనో గుర్తించాలి అనే ఆలోచన నాకు నచ్చింది. ఒక గుడికో కోటకో కంచె వేయడం కాదు. కొండ, చెరువు, మేము కల్యాణి అని పిలిచే మెట్ల కోనేరు, రచ్చకట్ట, వీధులు, ఇళ్ళు మొత్తాన్ని ఒకే బతుకుగా ఒప్పుకోవడం. ఇది కొత్త ఊహేమీ కాదు. అమెరికాలో చార్ల్‌స్టన్ అనే రేవుపట్నం 1931లోనే పాత పేటను ఒక ప్రాంతంగా గుర్తించి చట్టం చేసింది. అంతకుముందు అక్కడ పాత ఇళ్ళు కూలగొట్టి పెట్రోలు బంకులు కడుతుంటే, 1920లో సూసన్ ప్రింగిల్ ఫ్రాస్ట్ అనే ఆవిడ నలుగుర్ని కూడగట్టి సంఘం పెట్టింది. ఆ కదలికే చట్టానికి దారి వేసింది. బెంగళూరు నుంచి హైదరాబాదుకు పోయే 44వ జాతీయ రహదారి మా ఊళ్ళ మీదుగానే పోతుంది. దాని పక్కన పొలం పోయి బంకు, తోపు పోయి డాబా వెలుస్తుంటే చూసే మాకు ఆ పట్నంవాళ్ళ ఆదుర్దా బాగా అర్థమవుతుంది. ఫ్రాన్సు 1962లో సంస్కృతి మంత్రి మాల్రో పేరు మీద అలాంటి చట్టమే తెచ్చింది. మన దేశంలో బొంబాయి 1995లో కట్టడాల జాబితాతో పాటు ఆవరణలను కూడా నియమాల్లో చేర్చింది. అహమ్మదాబాదు కోటలోపలి పోళ్ళు, అంటే ఇరుకు సందుల్లో ఒకదాన్నొకటి ఆనుకుని నిలిచిన కొయ్య ఇళ్ళు, 2017లో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు పొందాయి.

మా పక్కనున్న కథలు చెప్పకపోతే ఇది సగం మాటే అవుతుంది. హైదరాబాదులో 1995లో నగర నియమాల్లో 13వ నియమం చేర్చి పాత భవనాలను, ఆవరణలను జాబితా కట్టారు. చాలా మేలు చేసిన నియమం అది. 2015లో దాన్ని తీసేశారు. 2017లో తెలంగాణ వేరే చట్టం తెచ్చుకుంది. 2019లో ఇర్రమ్ మంజిల్ అనే పాత భవనాన్ని కూల్చి శాసనసభ కడతామంటే జనం కోర్టుకెక్కి ఆపవలసి వచ్చింది. ఒక ఊరు ఇష్టపడి కట్టుకున్న కట్టుబాటుకూ పైవాళ్ళు రాసిన నియమానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. పైన రాసినదాన్ని పైనే కొట్టేయవచ్చు.

ఇంకా నొప్పి పెట్టే కథ హంపీది. 2011 జూలైలో విరూపాక్షుడి గుడి ముందు బజారులో, రాతి మంటపాల్లో, వాటి పక్కన తరాలుగా కాపురముంటూ అంగళ్ళు నడుపుకుంటున్న కుటుంబాలను ఖాళీ చేయించి కట్టడాలు తీసేశారు. మంటపాలకు చెడుపు జరిగిన మాట నిజమే, గోడలు కట్టి స్తంభాలు మూసేసిన మాట నిజమే. కానీ బజారు కాపాడతామని బజారుజనాన్ని పంపేస్తే మిగిలేది వరసగా రాళ్ళు. ఆ వార్త చదివిన ఏ ఇంటివాడైనా వారసత్వం అనే మాట వినగానే తలుపు గడియ వేసుకుంటాడు. వాణ్ని తప్పు పట్టలేను.

ఆ భయం మా జిల్లాలోనూ ఉంది. నంది ఊళ్ళో భోగనందీశ్వర ఆలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం అలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్తగా కట్టకూడదు. అక్కడినుంచి ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే కట్టాలి. వంద మీటర్ల లోపల ఉన్న ఇంటికి మరమ్మతు కావాలన్నా పైనుంచి ఒప్పుదల రావాలి. గుడికి ఇది కవచం, సందేహం లేదు. పక్కనే పుట్టిపెరిగినవాడికి మాత్రం అది ఒక గీత. గీతకు లోపల తన ఇల్లు ఏ తప్పూ చేయకుండానే దోషిగా నిలబడింది. పాత మిద్దెను చక్కగా ఉంచుకున్నవాడికీ, దాని మీద అడ్డదిడ్డంగా అంతస్తు లేపాలనుకున్నవాడికీ ఒకే జవాబు.

ఆ గుడినే ఒకసారి నెమ్మదిగా తిరిగి చూడండి. 806 నాటి శాసనంలో నొలంబరాజుల దానం మాట ఉంది. తరువాత చోళులు, హొయ్సళులు, విజయనగరంవాళ్ళు ఒక్కొక్కరూ తమ వంతు చేర్చారు. ఒక గర్భగుడి అరుణాచలేశ్వరుడిది, ఇంకొకటి భోగనందీశ్వరుడిది. నడుమ నల్లరాతి కల్యాణ మంటపం, దాని స్తంభాల మీద ఆకుల సందున కూర్చున్న చిలుకలు. లోపల మెట్ల కల్యాణి. ఇవన్నీ ఒకేనాడు ఒకేచేత్తో కట్టినవి కావు. ఎన్నో వందల ఏళ్ళు అది పెరుగుతూనే ఉంది. కొత్తగా చేరినవాడు ముందున్నదాన్ని చూసి, దాని ఎత్తు, దాని రాయి, దాని వరస చూసి కట్టాడు. వీధికి కావలసిన నియమం నాకు ఆ ప్రాకారంలోనే కనిపిస్తుంది. కట్టవద్దు అనడం ఆ గుడి చరిత్ర కాదు. ముందున్నదాన్ని చూసి కట్టు అనడమే దాని చరిత్ర.

గుడిబండలో ఒక జగిలి మీద కూర్చుని ఇదే మాట ఒక పెద్దాయనతో అన్నాను.

"కోట చూసేకి జనం వస్తారప్పా. ఫోటోలు తీసుకుంటారు, పోతారు. మా మిద్దె కారతా ఉంది. దాన్ని చూసేకి ఎవురొస్తారు?" అన్నాడాయన.

"దంతెలు మార్చేదానికి, చౌడు తోలేదానికి పంచాయితీ దుడ్డిస్తే మిద్దెను అట్లనే పెట్టుకుంటారా తాతా?"

ఆయన వెంటనే అవునని అనలేదు. లోపలికి చూసి కోడల్ని పిలిచాడు. ఆమె గడపలో నిలబడి అంతా వింది. "పెట్టుకుంటామన్నా. ఎండకాలంలో ఈ చల్లదనం యాడొస్తుంది? కానీ బాత్రూము మాత్రం ఇంట్లోనే కట్టుకోవల్ల. రాత్రిపూట ఆడబిడ్డలు పెరట్లోకి పోయేకి భయం. అది కట్టొద్దంటే మాకు మీ చట్టమే వద్దు" అంది.

వారసత్వం గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఆమె మాట సూటిగా ఉంది. ఇంటి ముఖం వీధిది, ఇంటి లోపల ఇంటివాళ్ళది. జగిలి, వాకిలి, గోడ ఎత్తు, మిద్దె అంచు, ఇవి వీధిలో అందరి కళ్ళవీ కాబట్టి వాటికి కట్టుబాటు ఉండాలి. లోపల కొళాయి, బాత్రూము, కరెంటు, పిల్లల చదువు గది, వీటిలో ఎవరూ తలదూర్చకూడదు.

అహమ్మదాబాదులో పాత ఇల్లు కూలగొట్టకుండా ఉంచుకున్నవాళ్ళు తమకు మిగిలిపోయిన అంతస్తుల హక్కును వేరే చోట కట్టుకునేవాళ్ళకు అమ్ముకోవచ్చు. పెద్ద నగరానికి అది బాగా పనికొస్తుంది. గుడిబండలోనో చేళూరులోనో ఆ హక్కు కొనేవాడెవడు? ఇక్కడి నేలకు ఆ ధర లేదు. మాకు కావలసింది చిన్న సాయం, సమయానికి సాయం. జూన్ వాన రాకముందు నాలుగు బండ్ల చౌడు, రెండు దూలాలు, రాతి పని తెలిసిన ఒక మనిషి. పాత రీతిలో ఉంచుకున్న ఇంటికి పన్ను మినహాయింపు. ఇంటి పథకంలో మిద్దె మరమ్మతుకు ఒక పద్దు. ఈ జిల్లాలో ఉపాధి హామీ కూలితో పాత కల్యాణులను పూడిక తీసి మెట్లు సరిచేశారు. జనం చేతులు, సర్కారు సొమ్ము కలిస్తే రాతి కట్టడం మళ్ళీ లేస్తుందని అప్పుడే తేలిపోయింది. కల్యాణికి చేసినది వీధికి ఎందుకు చేయలేమో నాకు అర్థం కాదు.

రాతి పని తెలిసిన మనిషి అన్నాను. ఆ మనిషి గురించి ఇంకొంచెం చెప్పాలి. మా వైపు బండ తీసేవాళ్ళు ఒకప్పుడు మందుగుండు వాడేవాళ్ళు కాదు. పరుపుబండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి, మంటను అంగుళం అంగుళం జరుపుతూ పోతారు. వేడికి పై పొర కిందిదాన్ని వదిలి లేస్తుంది. సుత్తితో తట్టి వినేవాడికి లోపల ఎంత దూరం విడిందో చప్పుడే చెబుతుంది. తరువాత వరసగా గుంటలు కొట్టి, ఉలులు దించి, ఒక్కొక్క దాన్నీ ఒకే లెక్కన కొడుతూ వస్తే బండ గీసినట్టు చీలుతుంది. అలా చీల్చిన బండలే మా జగిళ్ళు, మా కప్పులు, మా ద్రాక్ష తోటల కూసాలు. ఇప్పుడు అవే కొండలు క్రషర్లకు పోతున్నాయి. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి దగ్గర క్వారీ జిలెటిన్ పేలి ఆరుగురు చచ్చిపోయారు. ఊరిని కాపాడుకునే గీత గీసేటప్పుడు దాని వెనకున్న గుట్టను బయట వదిలేస్తే, కొన్నేళ్ళకు ఊరుంటుంది, గుట్ట ఉండదు, చెరువుకు నీళ్ళు రావు. అందుకే గీత వీధి చివర ఆగకూడదని నా పట్టు.

ఇవన్నీ చేయడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. కర్ణాటక పట్టణ, గ్రామ యోజనా చట్టంలోనే వారసత్వ ఆవరణకు చోటుంది. పట్టణ పంచాయితీ తీర్మానం చేసి, పటంలో ఆ ఆవరణ గీయించి, దాన్ని చూసుకునే సమితిని అడగవచ్చు. ఆ సమితిలో ఎవరు కూర్చుంటారు అన్నదే అసలు సంగతి. ఇంజనీరు, శాసనాలు చదవగలిగిన పండితుడు తప్పక ఉండాలి. వాళ్ళ పక్కనే ఒక రాతి పనివాడు, ఒక చెరువు నీరుగంటి, ఆ వీధిలో సొంత ఇల్లున్నవాళ్ళు, అద్దెకున్నవాళ్ళు కూడా సమాన పీటల మీద కూర్చోవాలి. అద్దెకున్నవాళ్ళను ఎందుకంటున్నానంటే, చార్ల్‌స్టన్‌లో పాత పేట అందంగా నిలిచింది గానీ ధరలు పెరిగి, అక్కడే తరాలుగా బతికిన నల్లవాళ్ళలో చాలామంది వదిలిపోవలసి వచ్చింది. బెంగళూరు నుంచి మేము గంటన్నర, రెండు గంటల దూరంలో ఉన్నాం. శని, ఆదివారాలు గడపడానికి మిద్దె కొనుక్కుంటామని వచ్చే కార్లు ఇప్పటికే నంది వైపు తిరుగుతున్నాయి. వాళ్ళు మిద్దెను కూల్చరు, బహుశా మనకంటే బాగానే చూసుకుంటారు. కానీ జగిలి మీద కూర్చుని పట్టుగూళ్ళు ఏరేవాళ్ళు ఆ ఇంట్లో ఉండరు.

విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళి మా జిల్లాలోనే ఉంది. ఆయన ఇంటిని జాగ్రత్తగా ఉంచి చూపిస్తున్నారు. బడిపిల్లలు బస్సుల్లో వచ్చి చూసి పోతారు. అది నిలవడం నాకెంతో సంతోషం. ఆ ఇల్లు నిలిచింది ఆయన పేరు వల్ల. పేరు లేనివాళ్ళ ఇళ్ళు నిలవాలంటే వీధి మొత్తానికి ఒక పేరు కావాలి, కాగితం మీద ఒక గీత కావాలి, ఆ గీత లోపల ఉన్నవాళ్ళకు నష్టం కాకుండా లాభం కావాలి.

నన్నడిగితే గుడిబండతో మొదలుపెట్టాలి. కోట, బసదులు, చెరువు, పేట ఒకే చూపులో ఉన్న ఊరు మా తాలూకాల్లో మరొకటి నాకు తెలియదు. అక్కడ కుదిరితే బాగేపల్లి అవతల గుమ్మనాయకనపాళ్యంలో కొండ కోటకూ దాని కింది ఊరికీ, ఆ తరువాత కైవారానికీ అదే పద్ధతి తీసుకుపోవచ్చు. మొదటి ఏడు బోర్డులు పాతవద్దు, ద్వారాలు కట్టవద్దు. రోడ్డు వేయబోతే పాత సిమెంటు తవ్వి తీసి, జగిళ్ళకు వాటి ఎత్తు తిరిగి ఇవ్వాలి. వానకు ముందే చౌడు తోలించాలి. నియమాల కాగితం రాసేటప్పుడు, గడపలో నిలబడి ఆ కోడలు అడిగిన బాత్రూము సంగతి మొట్టమొదటి వాక్యంగా రాయాలి.